సూది పడని పశువులు

జార్జ్ టౌన్ నుంచి సుంగై సుమున్‌లో తమ్ముడి ఇంటికి నేను ఏడాదికోసారైనా వెళ్తాను. ఈసారి మాత్రం మా మరదలు లక్ష్మి ఫోను చేసి ఏడిస్తే బయలుదేరాను.

"వదినా, పశువుల గొంతులు వాచిపోనాయి. మీ తమ్ముడు మందెయ్యనివ్వడం నేదు. నువ్వొచ్చి సెప్తేనే ఇంతాడు."

పొద్దున్నే ఫెర్రీలో బటర్‌వర్త్ చేరి, అక్కడ ఈపోకి రైలెక్కాను. సెలవు రోజుల్లో ఈ రైలుకి ముందే టికెట్టు తీసుకోవాలి; ఆ రోజు కిటికీ పక్కనే దొరికింది. ఈపోలో ఇడ్లీ తిందామని కూర్చున్నాను గాని సయించలేదు. మధ్యాహ్నం తెలుక్ ఇంతాన్ బస్సులో నా ఫోను మాటలు విని పక్కనున్న పెద్దాయన పలకరించాడు.

"మీదీ తెలుగేనా? మా మనవలకి అర్థమౌతాది, మాటాడరు లా," అన్నాడు, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి.

ఎందుకెళ్తున్నానో చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, "గొంతువాపైతే ఆగదమ్మా. బేగి ఎల్లు," అన్నాడు. తెలుక్ ఇంతాన్‌లో ఊరి బస్సు కోసం ఆగకుండా టాక్సీ పట్టుకున్నాను.

నన్ను అప్పా అని పిలిచే తమ్ముడు రాము ఫ్యాక్టరీ పని మానేసి పామాయిల్ తోటల మధ్య పశువులు పెంచుతున్నాడు. విదేశాలకి గొడ్డుమాంసం పంపే కంపెనీ ఒకటి ఈసారి పశువులన్నిటినీ కొంటానంది. మా ఇంట్లో ఎవరూ ఆ మాంసం ముట్టరు. పెంచడం వరకే నా పని అనేవాడు వాడు. కంపెనీకి ఒక నియమం ఉంది. యాంటీబయాటిక్ పడిన పశువుని ఆ సరుకులో కలపరు. ఆ నియమాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. పశువులకి ఆ మందులు అతిగా వాడితే క్రిములు వాటికి లొంగకుండా తయారై మనుషులకీ సోకుతాయంటారు. ఏ యాంటీబయాటిక్కూ పనిచెయ్యని ఇన్ఫెక్షన్‌తోనే మా ఆయన ఆసుపత్రిలో పోయాడు.

నేను చేరేసరికి రెండు పశువులు పోయాయి. మరో మూడు మెడలు చాచి గురగురమంటున్నాయి. నోటినుంచి చొంగ కారుతోంది. రాము వాటి పక్కనే బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు.

"డాక్టర్ని పిలవరా."

"పిలిస్తే సూదేస్తాది అప్పా. సూదేస్తే కొనరు. లారీ వొచ్చే వారమే."

"బతికుంటే కదా లారీ ఎక్కేది!"

అంతలో ఒకటి కాళ్ళు తన్నుకుని పడిపోయింది. లక్ష్మి పరుగున వచ్చి దాని తల ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు రాము లేచి ఫోను తీశాడు.

పశువుల డాక్టరమ్మ మలయ్ అమ్మాయి, సాయంత్రానికల్లా వచ్చింది. జ్వరాలు చూసి, నిలబడి ఉన్నవాటన్నిటికీ మందు వేసింది. వేస్తూనే అడిగింది: "దీనికి టీకా ఉంది కదా, వేయించలేదా?"

"సూదులు వద్దన్నాడు కంపెనీ మనిషి," అన్నాడు రాము.

ఆమె చేతిలో సిరంజి అలాగే ఆగిపోయింది. "టీకా యాంటీబయాటిక్ కాదు. దాన్నెవరూ వద్దనరు. జబ్బు చేస్తే యాంటీబయాటిక్ కూడా ఇవ్వొచ్చు. ఆ కంపెనీ తీసుకోకపోయినా, మందు ఒంట్లోంచి పోయే గడువు రోజులు ఆగి ఇక్కడే అమ్ముకోవచ్చు. ఆ కంపెనీ మనిషిని ఒక్కసారి అడగాల్సింది."

అప్పటికే ఆలస్యమైందని, మందు వేసినా ఎన్ని నిలుస్తాయో చెప్పలేనని అంది. పోయినవాటిని లోతుగా పాతి సున్నం చల్లమని చెప్పి వెళ్ళింది.

లక్ష్మి మొగుడి వైపు తిరిగింది. "ఎందుకు అడగనేదు?"

"అడిగితే నా పశువులకి రోగముందనుకుంటారని," అన్నాడు రాము.

తెల్లవారేసరికి ఇంకొన్ని పోయాయి. నిన్న మేత మేస్తున్నవి కూడా. ఎక్స్‌కవేటరు తెప్పించి గొయ్యి తీయించారు. కంపెనీ మనిషి ఫోనులో మర్యాదగానే మాట్లాడి, లారీ రాదని చెప్పాడట. నేను వండిన అన్నం ఇద్దరూ ముట్టలేదు.

మర్నాడు బస్సు దగ్గరికి రాము వచ్చాడు. సంచీ పైకి అందించి, "సూదంటే అన్నీ ఒకటే అనుకున్నానప్పా," అన్నాడు. వాడి భుజం తట్టబోయేలోగా బస్సు కదిలింది.

ఆ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకి కష్టమేమీ లేదు. రైలు సమయానికే నడుస్తుంది, బస్సులు శుభ్రంగా ఉంటాయి, రోడ్డు పొడవునా తోటలు పచ్చగా ఉంటాయి. నేను తిరిగొచ్చేటప్పుడు వాటి వైపు చూడలేకపోయాను. బటర్‌వర్త్‌లో ఫెర్రీ ఎక్కాక లక్ష్మి ఫోను చేసింది.

"మందు పడినవి కూడా పోతన్నాయి వదినా. ఈయన గొయ్యి కాడినుంచి లెగడం నేదు."

"నేను మళ్ళీ రానా?" అన్నాను.

"వొచ్చి ఏటి సేస్తావు?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

ఫెర్రీ ఒడ్డుకి చేరింది. అందరూ దిగిపోతున్నారు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుండిపోయాను. అవతల లక్ష్మి ఏడవడం కూడా లేదు.