డుడెక్ నొప్పుల పురాణం

కాసిమిర్ డుడెక్‌ని "ఎలా ఉన్నావు?" అని పొరపాటున కూడా అడగకూడదు. మా జట్టులో కొత్తగా చేరినవాడికి అందరూ ముందుగా చెప్పే జాగ్రత్త ఇది. అడిగామా, అయిపోయినట్టే. మెడ దగ్గర మొదలుపెట్టి కాలి చిటికెన వేలి దాకా, ఏ అవయవాన్నీ చిన్నబుచ్చకుండా, దేని నొప్పి దానిదిగా చెప్పుకొచ్చేవాడు. మధ్యలో లేచి పారిపోయినా లాభం లేదు. మర్నాడు వదిలిన చోటే అందుకునేవాడు.

మనిషి ఆరడుగుల అయిదంగుళాలు, నూట పాతిక కిలోలు. మిల్‌పోర్ట్ హామర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో, అవతలివాళ్లని అడ్డుకునే డిఫెన్సు వరసలో నట్టనడుమ నిలబడేవాడు. అవతలివాళ్లు బంతి పట్టుకుని బయలుదేరితే, అడ్డొచ్చిన వాళ్లని చెదరగొట్టుకుంటూ వెళ్లి, బంతి ఉన్నవాణ్ణి మట్టి కరిపించి రావడం ఆయన పని. పన్నెండేళ్లుగా అదే పని. సీజన్ మొదలయ్యాక ఒక్క ఆట మానిన పాపాన పోలేదు. మూలగడం మానిన పాపానా పోలేదు.

ఆటగాళ్ల కాళ్లకి పట్టీలు వేసే ముసలి ఎబ్నర్‌కి ఈయనంటే హడల్.

"ఇవాళ ఏ కాలు?" అనేవాడు ఎబ్నర్.

"ఎడమది."

"నిన్న కుడిదన్నావు?"

"నిన్నంతా అదే కదా నొప్పెట్టింది! ఇవాళ దానికి సెలవివ్వొద్దూ?"

పెన్సిల్వేనియా బొగ్గుగనుల ఊళ్లో ఉండే వాళ్లమ్మ ఆయనకి సీసాల్లో బాతు కొవ్వు పంపేది. దాంట్లో ఆవాలు నూరి కలిపి ఒళ్లంతా పట్టించుకుని వచ్చేవాడు. ఆ కంపుకి మేం బట్టలు మార్చుకునే గదిలో ఊపిరి బిగబట్టి మేజోళ్లు తొడుక్కునేవాళ్లం. "మీరంతా కుర్రాళ్లు, మీకేం తెలుసు" అనేవాడు జాలిగా.

ఎదుటి జట్టునీ వదిలేవాడు కాదు. బంతి కదలబోయే ముందు అవతలివాడి మొహంలో మొహం పెట్టి, "బాబూ, కాస్త మెల్లగా తోయి. నడుం పట్టేసింది" అనేవాడు. ఆ వెర్రిబాగులవాడు ఒక్క క్షణం జాలిపడేవాడు. ఆ క్షణంలోనే వెల్లకిలా పడి ఆకాశం చూసేవాడు. డుడెక్ వాణ్ణి చెయ్యిచ్చి లేపి, "చూశావా, ఇప్పుడు భుజం కూడా పోయింది" అని నిష్ఠూరమాడేవాడు.

ఆయన పెళ్లిలో ఫాదర్ గారు సుఖంలోనూ కష్టంలోనూ, ఆరోగ్యంలోనూ జబ్బులోనూ అని ప్రమాణం చదువుతుంటే, డుడెక్ ఆపి మరీ పెళ్లికూతురి వైపు తిరిగి, "హెలెన్, ఆ ఆఖరి మాట సరిగ్గా విన్నావా?" అని అడిగాడట.

ఇక నా సంగతి. నా పేరు వెండెల్ పైక్. పందొమ్మిది వందల డెబ్భై ఒకటిలో, ఇరవై ఆరేళ్ల వయసులో హామర్స్ శిబిరానికి వచ్చాను. డుడెక్ ఆడే చోటే నాదీ. అంటే ఆయన బయటికొస్తే నేను లోపలికెళ్లాలి. సీజన్‌కి ముందు ఆరు సన్నాహక ఆటలుంటాయి. అవి అయ్యాక జట్టుని నలభై మందికి కుదిస్తారు. మిగిలినవాళ్లు ఇంటికే. నాకు ఇల్లంటే నెబ్రాస్కాలో మా మామగారి పందుల దొడ్డి. "నీ బూట్లు తుడిచి ఉంచాను అల్లుడూ" అని ఆయన ముందే ఉత్తరం కూడా రాసేశాడు.

అయిదు ఆటలయ్యాయి. డుడెక్ మూలుగుతూనే ఉన్నాడు, ఆడుతూనే ఉన్నాడు. నేను బెంచీ అరగదీస్తూనే ఉన్నాను. కోచ్ హారిగన్ నన్ను పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నీ ఆట నేను చూడలేదు పైక్. చూడకుండా ఎలా ఉంచుకోను?"

"నన్ను దింపితేనే కదా సార్ మీరు చూసేది?"

"డుడెక్ బయటికి రాందే నిన్నెక్కడ దింపను?"

శిబిరంలో డుడెక్‌దీ నాదీ ఒకటే గది. ఆ సాయంత్రం ఆయన మంచం మీద కూర్చుని మోకాలికి కొవ్వు రుద్దుకుంటూ ఉస్సూరుమంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"అంత నొప్పిగా ఉంటే మానెయ్యరాదూ గురూ?"

"మానెయ్యడమా? నొప్పున్నంత మాత్రాన?" అన్నాడు ఆశ్చర్యంగా. "ఏం, ఎందుకలా ఉన్నావు?"

కోచ్ అన్నది చెప్పాను. పందుల గురించీ చెప్పాను. ఆయన ఇంకొంచెం కొవ్వు తీసుకున్నాడు, అంతే.

ఆరో ఆట. మూడో భాగం మొదలైన అయిదు నిమిషాలకి డుడెక్ కుంటుకుంటూ మైదానం దాటి వచ్చాడు.

"అయిపోయింది కోచ్. మోకాలు ఇక నా మాట వినదు."

కోచ్ ఆయన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, నాకేసి తల ఊపాడు. నేను హెల్మెట్ తగిలించుకుంటుంటే డుడెక్ నా చెవిలో గొణిగాడు. "నీ ఎదురుగా ఉండే అరవై నాలుగో నంబరువాడి ఎడమ మడమ చూస్తూండు. మడమ లేచిందా, వాళ్లు బంతి విసరబోతున్నట్టే. ఇంకేం ఆలోచించకు, దూకు."

చూశాను. మడమ లేచింది. దూకాను. బంతి విసరబోయినవాడు బంతితో సహా నా కింద ఉన్నాడు. కాసేపటికి మళ్లీ లేచింది, మళ్లీ దూకాను. ఆ పూట నా బతుకంతా ఎవరిదో ఒక మడమ మీద ఆధారపడి నడిచింది.

మర్నాడు ఉదయం తలుపు చప్పుడైంది. శిబిరం ఆఖరి వారంలో ఆ చప్పుడంటే అందరికీ ప్రాణం మీదికొచ్చినట్టే. లాయిడ్ అని కోచ్ దగ్గర సహాయకుడు ఒకడుండేవాడు. పాపం మంచివాడే. కానీ ఆ వారం వాడితో ఒకే బల్ల దగ్గర ఎవరూ తినరు. వాడొచ్చి "కోచ్ పిలుస్తున్నాడు, నీ పుస్తకం తీసుకుని రా" అన్నాడంటే, ఆట ఎత్తుల పుస్తకం అప్పగించేసి ఇంటికి పొమ్మని అర్థం.

నేను పుస్తకం కోసం చెయ్యి చాపాను.

"నువ్వు కాదు" అన్నాడు లాయిడ్ నేల చూస్తూ. "డుడెక్."

డుడెక్ బనీనుతోనే లేచి, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎక్కడా నొప్పి అనలేదు. నా మూలంగా ఆయన కొలువు ఊడుతోంది! చెప్పుల్లేకుండా వసారా అంతా పరిగెత్తి కోచ్ గదిలో పడ్డాను.

"సార్, అబద్ధం! ఆయన మోకాలు నిక్షేపంలా ఉంది!"

డుడెక్ మొహం ఎర్రబడింది. "నా మోకాలి సంగతి నీకేం తెలుసురా? అదేమన్నా నీ మోకాలా?"

"నిన్న ఆటలో కుడి కాలు కుంటుకుంటూ వచ్చాడు సార్. బస్సెక్కేటప్పుడు ఎడమ కాలు!"

"నొప్పన్నాక తిరగదా?"

"పందుల దొడ్డికి నేను పోతాను సార్. ఆయన్ని పంపకండి."

కోచ్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "ఎవణ్ణి పంపుతానన్నాను? పుస్తకం కావాలి, తెమ్మన్నాను. దీని అంచుల్లో అవతలివాళ్ల మడమలూ మోచేతులూ అన్నీ రాసుకుంటాడట. అది నకలు తీయించి నీకివ్వాలి."

గుమ్మంలోంచి లాయిడ్ నసిగాడు. "మరి మీరు పుస్తకం అనేసరికి..."

"లాయిడ్, నువ్వెళ్లి టిఫిన్ తిను నాయనా."

అప్పుడు కోచ్ నా వైపు తిరిగాడు. "అరవై ఆరులో ఈయనకి మెడ పట్టేసింది. దాంతో వెనకున్న గైల్స్ జట్టులో నిలబడ్డాడు. అరవై ఎనిమిదిలో నడుం. డాసన్ నిలబడ్డాడు. నిరుడు పక్కటెముకలు. వెనకున్నవాడికి కొలువు ఊడే రోజొస్తే చాలు, ఈయన ఒంట్లో ఏదో ఒకటి పోతుంది. సీజన్ మొదటి రోజుకి తిరిగొచ్చేస్తుంది."

"తెలిసీ ఊరుకున్నారా సార్?"

"బయటికొచ్చినవాడి నొప్పి నిజమా కాదా నాకెందుకు? లోపలికెళ్లినవాడు ఆడాడా లేదా, అదీ నా లెక్క. నువ్వు ఆడావు. ఇద్దరూ ఉంటున్నారు. ఇక బయటికి నడవండి."

వసారాలోకి వచ్చాక ఆయన చెయ్యి పట్టుకున్నాను. కళ్లు చెమ్మగిల్లాయి. "గురూ, నీకెలా చెప్పను..." అన్నాను.

"చెప్పింది చాల్లే!" అని కసిరాడు డుడెక్. "నా మోకాలు నిక్షేపంలా ఉందని కోచ్ ఎదటే చాటింపు వేశావు. ఏడాదంతా మూలిగేది ఎందుకనుకున్నావురా? ఆ ఒక్కరోజు చెబితే నమ్మాలని! ఇన్నేళ్ల కష్టం నిమిషంలో బూడిదలో పోశావు."

"అయితే నీకు నొప్పులే లేవా?"

"ఎందుకు లేవు? ఉన్నాయి. అవి ఎవరికీ చెప్పను."

టిఫిన్ గది గుమ్మం దగ్గర ఆయన ఆగిపోయాడు. మొహంలో నిజమైన దిగులు.

"వచ్చే ఏడాది ఇంకొకడొస్తాడు. నా వెనక నిలబడతాడు. వాడికోసం ఏం చెప్పను? మెడ అయింది, నడుం అయింది, పక్కటెముకలు అయ్యాయి, మోకాలు నువ్వు తగలేశావు."

ఇద్దరం కాసేపు గట్టిగా ఆలోచించాం.

"పన్ను?" అన్నాను.

డుడెక్ దవడ నిమురుకున్నాడు. మొహం మెల్లగా విప్పారింది. లోపలికెళ్లి, ఒంటరిగా తింటున్న లాయిడ్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"లాయిడ్ బాబూ, ఈ వెనక పన్ను ఉంది చూశావూ..." అని మొదలుపెట్టాడు.