మావయ్యకి ముక్కలు వెయ్యండి

మా చిన్న మావయ్య పోయాడని పక్కింటివాళ్ల ఫోన్‌కి కబురొచ్చింది. గుడివాడ నుంచి అవనిగడ్డ చేరేదాకా బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. కిటికీ తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచాను. పక్కనున్నావిడ విసుక్కుంది కూడా.

ఈ కుదురులేనితనం నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది. అవనిగడ్డలో బట్టల కొట్టు గుమాస్తా మావయ్య. ఆ చేతులు ఊరుకునేవి కావు. అన్నం వడ్డించేలోపు అగ్గిపెట్టె మాయం, చెంచా మాయం. బందరు వెళ్తే చాలు, పాత పుస్తకాలవాడి దగ్గర గారడీ పుస్తకాలు, పేకాటలో మోసాల పుస్తకాలు తెచ్చుకునేవాడు. అన్నీ ఇంగ్లీషువే. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, అద్దం ముందు కూర్చుని సాధన చేసేవాడు. "నా చేతులు కాదే అమ్మడూ, నీ తొందర చూసుకో. మోసపోయేది అక్కడే" అనేవాడు.

ఒక పెళ్లి విడిదిలో మా మగాళ్లంతా పేకాటకి కూర్చున్నారు. వీళ్లు ముదినేపల్లి వైపు చేపల చెరువుల షెడ్లలో ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడుతున్నారని మావయ్యకి బెంగ. "ఇదిగో, ఇలా ముంచుతార్రా మిమ్మల్ని" అంటూ అడుగు ముక్కని పైముక్కలా పంచి చూపించాడు. అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. షెడ్లకి వెళ్లడం నిజంగానే మానేశారు. కానీ ఆయన ఆటకి కూర్చోబోతే మా పెద్దన్నయ్య, "నువ్వొద్దులే మావయ్యా, చూస్తూ కూర్చో" అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఏ శుభకార్యంలోనూ ఆయనకి ముక్కలు వెయ్యలేదు. "పేక ముట్టుకోనురా, మీరే పంచండి. కావాలంటే చొక్కా విప్పేస్తా" అని బతిమాలేవాడు. నవ్వుతూనే అడిగేవాడు గానీ, కాసేపటికి వంటల దగ్గరికొచ్చి ఊరికే వంకాయల బుట్ట సర్దుతుండేవాడు. వాళ్లని కాపాడినందుకా ఇది? నాకు ఒళ్లు మండిపోయేది. ఇప్పటికీ మండుతోంది. ఒక్కసారైనా ఆటలో మోసం చేసుంటే నేనూ ఊరుకునేదాన్ని.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక షామియానా కింద మామూలుగానే పేక తీశారు. నేను ఆయన కుర్చీ లాక్కొచ్చి వాళ్ల మధ్య వేశాను.

"మావయ్యకి ముక్కలు వెయ్యండి."

"పిచ్చా నీకు?" అన్నాడు పెద్దన్నయ్య.

"వెయ్యన్నయ్యా. ఇంక మోసం చెయ్యలేడుగా."

అన్నయ్య కళ్లు తుడుచుకుని పంచాడు. ఖాళీ కుర్చీలో పదమూడు ముక్కలు బోర్లా పడ్డాయి. ఎవరి ముక్కలు వాళ్లు తీసుకున్నారు. అన్నయ్య మాత్రం, అలవాటు పోలేదు కాబోలు, తన ముక్కలు గుండెకి ఆనించి పట్టుకుని ఆ కుర్చీ మీద ఓ కన్నేసే ఉంచాడు.