సార్ ఆర్పేసిన తెల్ల దీపం

సార్ పోయిన కబురు నాకు అంగట్లో ఉండగా తెలిసింది. పెళ్లివాళ్లకు వంకాయరంగు పట్టుచీర విప్పి చూపిస్తున్నాను. ఫోనులో సార్ భార్య. "పాపా, సార్ లేడు. కాఫీ తాగి కూర్చున్నోడు కూర్చున్నట్టే పాయె" అంది. ఆ చీర ఎవరు మడిచారో, వాళ్లు కొన్నారో లేదో నాకు గుర్తులేదు.

ఆయన నాకు బడిలో పాఠం చెప్పిన సార్ కాదు. ఫిజిక్సు చెప్పి రిటైరై, అలిపిరి దారిలో మా వెనక వీధిలో ఉండేవారు. వాళ్ల ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టి. అందులో ఉప్పునీళ్లు, రెండు చేపలు, పగడాలు. మెడలో వేసుకునే పగడాలు కావు, ప్రాణంతో ఉన్నవి, మెత్తటి జాతులు. ఒకటి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఇంకొకటి రాయి నిండా చొక్కా గుండీలు కుట్టినట్టుంటుంది. సముద్రం ఎక్కడ, తిరుపతి ఎక్కడ! అమ్మకు (సార్ భార్యను అలాగే పిలుస్తాను) చీర ఇవ్వడానికి వెళ్లి, ఆ తొట్టి ముందు నిలబడిపోయాను. మిలమిలలాడే ఆకుపచ్చ, నారింజ. నా బతుకంతా రంగుల మధ్యే గడిచింది, అయినా అలాంటి రంగు ఏ చీరలోనూ చూడలేదు.

"నేర్చుకుంటావా పాపా?" అన్నారు. మూడేళ్లు నేర్చుకున్నాను.

నేర్పడంలో ఆయనకు సాటి లేరు. ఆ మాట కోపంలో కూడా చెబుతాను. పగడం ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుందనీ, వెలుతురుతో అది వండిపెడితేనే పగడం బతుకుతుందనీ ఆయన చెబితేనే తెలిసింది. "దీపం కొనేటప్పుడు నీ కంటిని అడగొద్దు పాపా, దాని కడుపును అడుగు" అనేవారు. ఎల్ఈడీ దీపంలో నీలానికీ తెలుపుకీ వేరువేరు మీటలు ఉండాలి. ఎక్కువ కూడు నీలం పెడుతుంది. కొత్త దీపాన్ని మొదటిరోజే పూర్తిగా వెలిగించకూడదు, వారానికింత అని పెంచాలి. పుట్టగొడుగు జాతికి అడుగున నీడపట్టు, గుండీల జాతికి నడిమి రాయి. ఇవన్నీ గచ్చు మీద సుద్దముక్కతో గీసి చెప్పేవారు. రిటైరైనా జేబులో సుద్దముక్క పోలేదు. నేను లేవగానే ఆ గీతల్ని తనే కాలితో చెరిపేసేవారు.

ఇంకో అలవాటుండేది. నేను పాఠానికి వెళ్లినా, ఎవరైనా తొట్టి చూడ్డానికి వచ్చినా, "ముందు ట్యూబులైటు ఆర్పు పాపా. ఆ కిటికీ తెర కూడా లాగు" అనేవారు. నేనే ఆర్పేదాన్ని, నేనే లాగేదాన్ని. చీకట్లో ఆ రంగులు చూసి వచ్చినవాళ్లు అబ్బా అని నోరెళ్లబెట్టేవాళ్లు.

ఆయన చేత్తో ఇచ్చిన పగడాలే, నా ఇంట్లో నేను పెట్టుకున్న తొట్టిలో గోధుమరంగులో ఉండేవి. బెల్లంపాకం రంగు. ఎన్నిసార్లు అడిగానో!

"సార్, మీ దగ్గర ఉండే రంగు నా దగ్గర ఎందుకు రాదు?"

"ఓపిక పట్టల్ల. సెయ్యి తిరగల్ల."

"మీరు నీలం ఒక్కటే వేస్తారు కదా, నేను కూడా తెలుపు ఆర్పేయనా?"

"ఆర్పొద్దు పాపా. నీవి పసివి. వాటికి రెండూ కావాల."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నేను విన్నాను. ఒకరోజు "వెలుతురు సాలదేమో సూడు" అన్నారు. రంగు మీద ఆశకొద్దీ, ఆయన నేర్పిన వారాల లెక్క కూడా మరిచి, రెండు మీటలూ ఒకేసారి పైకి తిప్పేశాను. నా అరచెయ్యంత పెరిగిన పుట్టగొడుగు పగడం, ఆయన నాకిచ్చిన మొట్టమొదటిది, పాలిపోయి, ముడుచుకుని, వారంలో నీళ్లలో కరిగిపోయింది. సార్ వచ్చి చూశారు. "తొందరపడినావు" అన్నారు, అంతే. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా నా ఎదురుగానే, "మా పాప ఒకదాన్ని మాడ్సేసినాది" అని నవ్వేవారు. తప్పు నాదే కదా అని నేనూ నవ్వేదాన్ని.

పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మ పిలిచింది. "నాకు ఈ తొట్టి సేతకాదు పాపా, నువ్వు తీసుకునిపో" అంది. నీలం దీపం కిందనుంచి పగడాల రాళ్లు ఒక్కొక్కటే తీసి, ఉప్పునీళ్ల బకెట్లో పెట్టి, వరండాలోకి తెచ్చాను. పొద్దుటి ఎండ బకెట్లో పడింది.

గోధుమరంగు. అన్నీ గోధుమరంగే. నా ఇంట్లో ఉన్న బెల్లంపాకం రంగే.

మా అంగట్లో ఎవరికైనా మేం మొదట చెప్పే మాట ఒకటుంది. "గడప దాకా తీసుకునిపోయి ఎండలో సూడమ్మా, ఆ తర్వాతే బేరం." మా నాయన నేర్పిన పద్ధతి. లోపలి లైట్ల కింద చీర ఒక రంగు, ఎండలో ఒక రంగు. రోజుకు పదిమందికి ఆ మాట చెప్పే నేను, మూడేళ్లలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారైనా, ఆ తెర తీసి చూద్దామనుకోలేదు. సార్ కదా!

నీలం ఒక్కటే వేస్తే ఈ జాతులు అలా మెరుస్తాయి. ఆయనవైనా, నావైనా. ఫిజిక్సు సార్‌కు ఆ సంగతి తెలియదా? బకెట్ ముందు కూలబడ్డాను. ఆయన బతికుండగా ఒక్కనాడూ రానంత కోపం వచ్చింది. లేని తేడా కోసం నా చేత్తో నేను ఒక ప్రాణాన్ని మాడ్చుకున్నాను, దాన్ని చెప్పి ఆయన నవ్వారు. నిలదీద్దామంటే మనిషి లేడు.

పగడాల తప్పేముంది? ఇంటికి తెచ్చుకున్నాను. నెల తిరిగాక అమ్మ చూడ్డానికి వచ్చింది. కిటికీ తీసే ఉంది. తొట్టి ముందు వంగి, "ఆయనవి ఏవి?" అంది. చూపించాను.

"నీవే పెద్దగా ఉండాయే. ఆయన సెప్తానే ఉండె."

"ఏం సెప్పినారమ్మా?"

"పాప సేతిలో నావాటికన్నా రెండింతలు పెరిగినాయే, అని. ఒగసారి కాదు, శానాసార్లు. నీకు సెప్పలేదా?"

"లేదు."

అమ్మ వంగినది లేచి నిలబడింది. "సార్ కదా పాపా. సార్‌గానే పోవాలనుకున్నాడేమో" అంది.

మూడేళ్లు నేను ఎదురుచూసిన మాట అదే. అది ఆ ఇంట్లో, నేను లేనప్పుడే వినిపించింది. రంగు విషయంలో చేసిన మోసమైనా మరిచిపోతానేమో, ఇది మాత్రం మరిచిపోలేను.

వెళ్లబోతూ అమ్మ మళ్లీ ఆగింది. "ఆయన సూపిచ్చినట్టు ఒక్కసారి సూపీ పాపా."

ట్యూబులైటు ఆర్పాను. తెర లాగాను. ఎప్పుడూ ఆర్పొద్దన్న తెల్ల దీపాన్ని సున్నాకు తిప్పాను. సార్‌వి, నావి, అన్నీ ఒక్కటిగా మెరిశాయి. "ఇదీ, ఇదీ ఆయన రంగు!" అంటూ అమ్మ నా పగడం దగ్గరే గాజు మీద చెయ్యి ఆనించింది. ఆమె ముఖమంతా నీలంగా ఉంది, కళ్లలో నీళ్లు కూడా. ఆమె వెనక నేను, తెల్ల దీపం మీట మీద వేలు పెట్టి, అలాగే నిలబడి ఉన్నాను.