మూడు వందల నాలుగు గుమ్మం ముందు పద్నాలుగు జతలు

నీటి సరఫరా విభాగంలో ఇంజనీరుగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాక, గోపన్‌పల్లిలో మేముంటున్న అపార్ట్‌మెంట్లకే ఎస్టేట్ మేనేజరుగా చేరాను. పేరు పెద్దది. లిఫ్టు ఆగినా, మోటారు కాలినా, పక్కింటి కుక్క మొరిగినా ఫోను మోగేది నాకే. ఇప్పుడు చెప్పబోయేది నేను చేరిన రెండో ఏడాది, జూన్ నెల సంగతి.

ఆ వేసవిలో నీళ్లు చాలలేదు. మనిషికి రోజుకు నూట ముప్పై ఐదు లీటర్లు, రెండు పడగ్గదుల ఫ్లాటుకు ఐదుగురు అనే లెక్కతో మా సంపు కట్టారు. కొన్ని కిరాయి ఇళ్లలో ఎనిమిదేసి మంది ఉంటున్నారని కమిటీకి అనుమానం. ఇంటికి ఎందరుండవచ్చో నిబంధన రాయమన్నారు. కుటుంబమైతే ఐదుగురు, బంధుత్వం లేని పెద్దవాళ్లయితే ముగ్గురు అని రాశాను. ఆ తేడా ఎందుకని కమిటీ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. కుటుంబాలు నీళ్లు తక్కువ వాడతాయని ఏ మీటరూ నాకు చెప్పి ఉండదు.

రాయడం తేలికే. మనుషుల్ని లెక్కపెట్టడమెలా? అడిగితే తక్కువ చెబుతారని ముందే తీర్మానించుకున్నాను. చెప్పులు గుమ్మం బయట విప్పడం మనవాళ్ల అలవాటు కదా. మనిషికి రెండు జతలు వేసుకుంటే, జతల్ని రెండుతో భాగిస్తే మనుషులు తేలతారు. ఇది కనిపెట్టిన రోజు డైరీలో ‘సులభమైన, శాస్త్రీయమైన పద్ధతి’ అని రాసుకున్నాను. అందరూ ఇంట్లో ఉండే రోజు గనక ఆదివారం ఎంచుకుని, ఉదయం ఆరు గంటలకు రిజిస్టరు పట్టుకుని అంతస్తులన్నీ తిరిగాను. పొరపాటు జరగకుండా ప్రతి జతకూ రంగు, సైజు కూడా రాశాను.

మూడు వందల నాలుగు ముందు పద్నాలుగు జతలున్నాయి. అంటే ఏడుగురు. అక్కడ కిరాయికి ఉంటున్నది సరిత అనే నర్సు కుటుంబం. సోమవారం పొద్దున్నే ఇంటి యజమానికి నోటీసు పంపాను.

సాయంత్రం సరిత ఆఫీసుకు వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది.

“ఓనర్ ఫోన్ చేసిండు సార్. నెల లోపల ఖాళీ చెయ్యమన్నడు. పాపను మొన్ననే ఈడ బడిల ఏసినం. ఇగ యాడికి పోవాలె?”

ఏడుగురున్నప్పుడు నేనేం చేయగలనమ్మా అన్నాను.

“ఏడుగురు ఎవరు సార్? నేను, మా ఆయన, అత్తమ్మ, పాప. జర బెల్లు కొట్టి అడిగితే అయిపోతుండె గదా.”

విచారిస్తామని చెప్పి పంపాను. తక్కువ చెబుతారన్న నా సిద్ధాంతం రుజువైందనే అనుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడతో ఈ మాట అంటే, ఆవిడ పెరుగు వడ్డించడం ఆపింది. “నలుగురేనండీ. ఆదివారం పొద్దున్నే ఆ అమ్మాయి మా ఆడవాళ్లందరికీ బీపీ, షుగరు చూస్తుంది. తొమ్మిది మందిమి వెళ్తాం. మీకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ డైరీ రాసుకుంటున్నారు.”

తర్వాత రిజిస్టరు తెమ్మంది. ఏడో జత: ‘నీలం పట్టీ, ఆరో నంబరు, గుర్తు తెలియని స్త్రీవి.’ ఆవిడే నా డైరీ వెతికి ఒక పేజీ తీసింది. ‘లింగంపల్లిలో శ్రీమతికి చెప్పులు కొన్నాం. నీలం పట్టీ, ఆరో నంబరు.’ రెండూ నా చేతిరాతే.

“నా చెప్పుల్నే ఇల్లు ఖాళీ చేయమన్నారన్నమాట,” అంది. అంతటితో ఆగక మా స్టాండు మీది జతలు కూడా లెక్కపెట్టింది. పదకొండు.

మర్నాడు నోటీసు వెనక్కు తీసుకుంటున్నానని ఫోన్ చేస్తే, ఇంకొకరికి మాటిచ్చేశానన్నాడు యజమాని. ఆయన నానక్‌రామ్‌గూడ పాతకాపు, పెద్దాయన. షేర్ ఆటోలో వెళ్లి, ఏ వివరమూ దాచకుండా చెప్పాను.

“చెప్పులు చూసి జనాభా లెక్క రాసినవా సార్? ఇంజనీరు నౌకరీ చేసిననంటివి?” అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. లోపలున్న ఇంటామెను పిలిచి, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. నీలం పట్టీ దగ్గర ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. “సరే, ఆ బిడ్డనే ఉండనీ. కొత్తోళ్లకు నేను చెప్పుకుంట. నీ ముచ్చటే చెప్తే వాళ్లు గూడ ఏమనరు,” అన్నాడు.

ఆ వారమే నిబంధన తిరగరాశాను. రెండు పడగ్గదులకు ఐదుగురు, బంధువులైనా కాకపోయినా అదే లెక్క. ఐదేళ్లలోపు పిల్లలు, పదిహేను రోజుల్లోపు చుట్టాలు లెక్కలోకి రారు. ఎందరున్నారో కిరాయిదారే రాసి సంతకం చేయాలి. అనుమానముంటే పగటిపూట బెల్లు కొట్టి అడగాలి. ఎనిమిది మంది ఉన్నారనుకున్న కుర్రాళ్ల ఫ్లాటులో బెల్లు కొడితే ముగ్గురే తేలారు. రెండిళ్లలో మాత్రం నిజంగానే ఏడుగురున్నారు. కిరాయి ఒప్పందం ముగిసేదాకా వాళ్లకు వ్యవధి ఇచ్చాం.

ఇంటికి ఎందరు సరిపోతారో గదుల్నీ సంపునూ చూసి చెప్పవచ్చు. ఎందరున్నారో మాత్రం ఆ ఇంటివాళ్లనే అడగాలి. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఏ నిబంధన రాసినా ముందు మా ఇంటి మీద వేసి చూడాలి. నా పాత పద్ధతి ప్రకారం, మా ఫ్లాటులో నేనూ మా ఆవిడా కలిసి ఐదున్నర మందిమి.