ఆ వైరు తెంపింది మా తమ్ముడు కాదు

మా తమ్ముడు పోయాడు. మంగళవారం మధ్యాహ్నం పోయాడు. అప్పుడు నేను షాపులో ఎవరిదో సైకిలుకి ఊడిన చైను ఎక్కిస్తున్నాను. మరదలు ఫోను చేసి, "బావగారూ, ఒకసారి ఇంటికి రండి" అంది. నాకు అర్థమైంది. అయినా చైను ఎక్కించాను, పెడల్ రెండుసార్లు తిప్పి చూశాను, చేతులు తుడుచుకుని అప్పుడు బయల్దేరాను. పని సగంలో వదిలి లేవకూడదని వాడు ఎప్పుడూ అనేవాడు. ఆ రోజు వాడి మాట విని ఆగానో, వెళ్ళడానికి భయపడి ఆగానో నాకే తెలీదు.

పాలకొల్లులో కాలవ వంతెన దిగగానే మా సైకిలు షాపు. ముప్పై ఏళ్ళ పైనుంచీ అక్కడే ఉంది. నేను ఐదో తరగతి దాటలేదు, రాయడం నాకు అలవాటు లేదు. షాపు మీద బోర్డు రాసింది కూడా తమ్ముడే. ఆకుపచ్చ రంగు వేసి దాని మీద తెల్లగా నా పేరు రాశాడు. వాడి పేరు ఎక్కడా లేదు. "నీ పేరేదిరా" అని అడిగితే, "ఇద్దరి పేర్లూ రాస్తే అక్షరాలు చిన్నవైపోతాయన్నయ్యా, వంతెన మీంచి కనపడవు" అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు. నా పేరు వంతెన మీంచి కనపడడం నాకు బాగానే ఉంది.

వాడు నాకంటే ఆరేళ్ళు చిన్న. వరస ప్రకారం నేను పోవాలి.

వాడి పని పద్ధతి వేరు. నేను బండి రాగానే పానా అందుకుంటాను. వాడు చక్రం పైకెత్తి, ఒకసారి తిప్పి వదిలేసి, తల పక్కకి వంచి అది ఆగేదాకా వినేవాడు. విప్పిన నట్లు ఏ వరసలో విప్పాడో అదే వరసలో గోనెపట్టా మీద పేర్చేవాడు. ఎవరైనా చూసుకోకుండా కాలు తగిలిస్తే ఏమీ అనకుండా మళ్ళీ మొదట్నించీ పేర్చేవాడు. నట్టు ఊడకపోతే నేను ఆ నట్టునీ, దాన్ని చేసినవాణ్ణీ, బండిగలాయన్నీ కలిపి తిట్టేవాణ్ణి. వాడు నవ్వేవాడు. "తిడితే ఊడుద్దా అన్నయ్యా. అది మాత్రం కావాలని బిగుసుకుందా ఏంటి. కాస్త నూనె పోసి దాని మానాన దాన్ని కాసేపు వదిలెయ్" అనేవాడు. నాకు కాసేపు అనే మాట పడదు.

మా వైపు ఎలక్ట్రిక్ సైకిళ్ళు వచ్చిన కొత్తలో జరిగింది ఒకటి చెప్పాలి. ఈ కాగితం పట్టుకుంది దాని కోసమే.

ఊళ్ళమ్మట తిరిగి పిల్లలకి టీకాలు వేసే నర్సమ్మగారు ఒకావిడ ఉన్నారు. మోకాళ్ళ నొప్పులని కాకినాడ నుంచి ఎలక్ట్రిక్ సైకిలు తెప్పించుకున్నారు. కాలవగట్ల మీద చప్పుడు లేకుండా వెళ్ళిపోయేవారు. రెండు వానాకాలాలు తిరిగాక ఒక గురువారం దాన్ని నడిపించుకుంటూ మా షాపుకి వచ్చారు.

"ఏంటోనండి, నేను తొక్కకపోయినా పెడల్స్ వాటంతటవే తిరిగేస్తున్నాయి. చీర కుచ్చిళ్ళు లాగేస్తున్నాయి. నిన్న కాలవలో పడాల్సిందాన్ని."

"దెయ్యం పట్టిందేమోనండి" అన్నాడు తమ్ముడు.

"దెయ్యమైతే నేనే ఇంజక్షన్ చేసేద్దును. అది కాదనే మీ దగ్గరకొచ్చాను" అన్నారావిడ.

వెనక చక్రానికి చైను పట్టుకునే పళ్ళ చక్రాన్ని ఫ్రీవీల్ అంటారు. తొక్కితే అది పట్టుకోవాలి, తొక్కడం ఆపితే వదలాలి. కాలవ నీళ్ళకీ ఉప్పుగాలికీ తుప్పు పట్టి ఇది వదలడం మానేసింది. అందుకని మోటారు చక్రాన్ని తిప్పితే, చక్రం చైనుని లాగి, చైను పెడల్స్‌ని తిప్పేస్తోంది. ఫ్రీవీల్ తీసి కొత్తది వెయ్యాలి. మామూలు సైకిలుకైతే నాకు పది నిమిషాల పని. ఈ బండికి మోటారు వెనక చక్రం మధ్యలోనే ఉంది. ఇరుసు లావు. మోటారు వైరు ఆ బోలు ఇరుసులోంచి, సరిగ్గా ఫ్రీవీల్ ఉన్న వైపునుంచే బయటికొస్తుంది. మా దగ్గరున్న ఫ్రీవీల్ విప్పే నట్టు ఆ ఇరుసు మీదకి ఎక్కలేదు. పైగా ఫ్రీవీల్ మరచుట్ల మీద బిగిసేది, తొక్కేకొద్దీ ఇంకా బిగుస్తుంది. ఆవిడ రెండేళ్ళు తొక్కారు.

"ఆదివారం పోలియో చుక్కలండి. నాలుగు ఊళ్ళు తిరగాలి. ఈలోగా అవుద్దా?"

తమ్ముడు ఆ ఫ్రీవీల్ విప్పే నట్టు చేతిలోకి తీసుకున్నాడు. "ఈ నట్టుకి బెజ్జం పెద్దది చేయించాలండి. లేతు మిషను ఆయన్ని అడిగి చెబుతా..."

నేను అడ్డొచ్చి, "రేపు సాయంత్రం తీసుకెళ్ళండి" అన్నాను. చేతకాదని ఎవరి ముందూ అన్న మనిషిని కాను. ఆలస్యమవుద్దని కూడా నా నోటమ్మట రాదు.

మర్నాడు పొద్దున్నే వాడు ఫ్రీవీల్ సందులో నూనె పోసి, నట్టు సంచిలో వేసుకుని లేతు దగ్గరకి బయల్దేరాడు. "నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోకన్నయ్యా" అని చెప్పి వెళ్ళాడు. చిన్నవాడు నాకు చెప్పడమేంటి అనిపించింది. ఉలి తీశాను, సుత్తి తీశాను. పాతరోజుల్లో మొండి ఫ్రీవీళ్ళని అలా కొట్టే ఊడదీసేవాణ్ణి. రెండు దెబ్బలకి కదల్లేదు. మూడో దెబ్బకి ఉలి జారి ఇరుసు మూతి దగ్గర వైరు మీద పడింది. నల్ల తొడుగులో ఎనిమిది సన్నతీగలు, ఒక్కోటీ ఒక్కో రంగు. ఎనిమిదీ తెగాయి.

వాడు పదకొండింటికి వచ్చాడు. తెగిన వైరు చూశాడు. కిందున్న ఉలి చూశాడు. నా వంక చూళ్ళేదు.

"పోన్లే అన్నయ్యా. వైరు అడ్డం లేదుగా, ఇప్పుడు నట్టు ఇంకా తేలిగ్గా ఎక్కుద్ది" అన్నాడు.

బెజ్జం పెద్దది చేయించిన నట్టుని బెంచి మీద వైసులో, దాని ఇనప దవడల మధ్య, బిగించాడు. చక్రాన్ని పడుకోబెట్టి దాని మీద కూర్చోబెట్టాం. బస్సు స్టీరింగులాగా ఉంది. నేనొక వైపు, వాడొక వైపు పట్టుకున్నాం. ఒక్కడే లాగితే చక్రం ఒరిగిపోయి నట్టు పళ్ళు జారిపోతాయి. ఇద్దరూ ఒకేసారి, ఒకే బలంతో తిప్పాలి. "నువ్వు కాస్త తగ్గించు, నేను కాస్త పెంచుతా" అన్నాడు. మూడుసార్లు లాగాం. నాలుగోసారి లోపల టక్కుమని ఫ్రీవీల్ కదిలింది. వాడు చక్రం మీంచి నా వంక చూసి నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, ఇప్పుడు నాకు తేలిగ్గా ఉండేది.

చక్రం ఇంకా వైసు మీదే ఉంది, నర్సమ్మగారు వచ్చేశారు.

"ఇదేంటండీ, వైరు తెగిపోయింది? ఎవరు చేశారిది?"

నేను నోరు తెరిచాను. "మావాడి చెయ్యి జారిందండి" అన్నాను.

ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

తమ్ముడు గోనెపట్టా మీద నట్లు సర్దుకుంటున్నాడు. చెయ్యి ఆగింది. అంతలోనే లేచి నిలబడి, "ఆయ్, నా పొరపాటేనండి. నేనే అతుకుతాను. కాకపోతే ఆదివారానికి అవ్వదండి" అన్నాడు.

ఆ ఆదివారం ఆవిడ మందు డబ్బా భుజాన వేసుకుని, ఆ మోకాళ్ళతో నాలుగు ఊళ్ళూ నడిచారు. వాడు మోటారు మూత విప్పి, లోపల మిగిలిన కొసలు వెతికి, రంగుకి రంగు కలిపి టంకం పెట్టి అతికాడు. నాలుగు రోజులు తల ఎత్తలేదు. బండి మళ్ళీ కొత్తదానిలా నడిచింది. ఆవిడ కోపం మాత్రం చల్లారలేదు. ఆవిడ గడప గడపా తిరిగే మనిషి. "పెద్దాయన చేతికే ఇవ్వండి, చిన్నాయన చెయ్యి మొరటు" అని చెప్పారు. ఆవిడ తప్పు లేదు. నేను చెప్పిందే చెప్పారు.

అది ఊళ్ళన్నీ పాకింది. టీకొట్టు దగ్గర, "ఏరా చిన్నోడా, ఇవాళ ఎన్ని వైర్లు తెంపావ్?" అని అడిగేవారు. "ఇంకా బోణీ అవ్వలేదండి" అనేవాడు వాడు. అందరూ నవ్వేవారు. నేను పక్కనే టీ తాగేవాణ్ణి.

తర్వాత ఎలక్ట్రిక్ బండ్లు పెరిగాయి. జనం నాకే అప్పగించేవారు. నేను తీసుకుని వెనక గదిలోకి తోసేవాణ్ణి. అక్కడ వాడు బాగుచేసేవాడు. బండిగలాయన వచ్చేవేళకి వాడు ముందుకొచ్చి పంక్చర్ల నీళ్ళతొట్టి దగ్గర కూర్చునేవాడు. నేను బండి అప్పజెప్పి, "మీ చెయ్యే చెయ్యండి" అనిపించుకునేవాణ్ణి. అది విని వాడు తలొంచుకుని ట్యూబుని నీళ్ళల్లో ముంచేవాడు. ఎందుకలా చెప్పావని ఒక్కరోజూ నన్ను అడగలేదు. అడిగుంటే తిట్టుండేవాణ్ణేమో, అది కూడా తెలిసే అడగలేదేమో.

పోయినేడు వాడికి జబ్బు చేసింది. ఇంటికొచ్చి ఇంజక్షన్లు చేసింది ఆ నర్సమ్మగారే. వాడు చెయ్యి చాపి, "మీ చెయ్యి తేలికండి, నాలాగా కాదు" అనేవాడు. ఆవిడ నవ్వేవారు. నేను గుమ్మంలోనే నిలబడేవాణ్ణి, లోపలికి వెళ్ళేవాణ్ణి కాదు.

ఒకరోజు ఆవిడ వెళ్ళాక మంచం పక్కన కూర్చుని, "ఒరేయ్, ఆవిడతో నిజం చెప్పేస్తాను రా" అన్నాను.

"ఇప్పుడెందుకన్నయ్యా. బోర్డు మీద నీ పేరుంది. మార్చి రాయాలంటే నా చెయ్యి లేవట్లేదు" అన్నాడు.

సరే అనుకున్నాను. వాడు వద్దన్నాడని కాదు. వాడు వద్దనడం నాకు సుఖంగా ఉంది.

పెద్దకార్యం అయ్యాక షాపు తీశాను. నర్సమ్మగారు అదే బండి మీద వచ్చి ఆపారు. నన్ను పలకరించి, "బంగారంలాంటి మనిషండి. చెయ్యి కాస్త మొరటే గానీ మనసు వెన్న" అన్నారు.

అప్పుడు నా నోరు నా మాట వినలేదు. "ఆ వైరు తెంపింది నేనండి" అన్నాను.

"ఏ వైరండి?"

"మీ బండిది. ముట్టుకోకని చెప్పి వాడు లేతు దగ్గరకెళ్ళాడు. నేను ఉలి పెట్టి కొట్టాను."

"మరి అతికింది?" అన్నారు.

"వాడేనండి."

ఆవిడ వంగి వెనక చక్రం దగ్గర, వైరు ఇరుసులోకి దూరేచోట వేలు పెట్టి చూశారు. అక్కడ వాడు చుట్టిన నల్ల టేపు ఇంకా ఊడలేదు. "అన్ని నెలలు ఆ చేతికి ఇంజక్షన్ చేశానండి. ఒక్కమాట చెప్పలేదు" అన్నారు. తర్వాత నా మొహంలోకి చూసి, "మీరు నాకొక్కదానికీ చెబితే సరిపోదండి. నేనెన్ని గడపల్లో చెప్పానో నాకే తెలీదు" అన్నారు. నన్ను తిట్టలేదు. బండెక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం మరదలి దగ్గరకెళ్ళి జరిగింది చెప్పి, అందరికీ తెలిసేలా రాద్దామనుకుంటున్నానమ్మా అన్నాను. ఆ అమ్మాయి వాకిట్లో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "రాయండి బావగారూ. ఆయన నాకేమీ చెప్పలేదు గానీ, ఆయన ఉలి ముట్టుకోరని నాకు తెలుసు" అంది.

అందుకని రాశాను. నర్సమ్మగారి మాట ఎవరెవరి చెవిన పడిందో వాళ్ళందరికీ చెబుతున్నాను. మా తమ్ముడి చెయ్యి మొరటు కాదు. మీ బండ్లు బాగుచేసింది వాడు. నేను అప్పజెప్పాను, అంతే. వాడు బతికుండగా ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇది చదివి నన్ను ఏమన్నా అనండి, పడతాను.

నిన్న భీమవరం రోడ్డునుంచి ఒకాయన ఎలక్ట్రిక్ బండి తెచ్చాడు. అదే జబ్బు, ఫ్రీవీల్ బిగుసుకుపోయింది. ఈసారి ఉలి తియ్యలేదు. నూనె పోసి సాయంత్రందాకా దాని మానాన దాన్ని వదిలేశాను. మేకుకి వేలాడుతున్న వాడి నట్టు తీసి వైసులో బిగించాను. చక్రం ఎత్తి దాని మీద పెట్టి, నా వైపు పట్టుకుని తిప్పాను. చక్రం నా మీదకి ఒరిగింది. సరిచేసి మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ ఒరిగింది. వదిలెయ్యలేదు. రెండు చేతులూ నా వైపు రిమ్ము మీదే పెట్టి, వాడు పట్టుకునే ఎదరవైపు చూస్తూ అలా నిలబడ్డాను.