రేవుకో క్షవరం

ఓడ లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆయన్ని అందరూ ఆవిరి మామయ్య అంటారు. ఓడ ఏ రేవులో ఆగినా ప్రయాణికులు కోటలూ బజార్లూ చూడ్డానికి ఎగబడతారు. ఆయన మాత్రం తనకిచ్చిన రెండు గంటల సెలవులో తిన్నగా మంగలి షాపుకి పోయి, కుర్చీలో కూలబడి కళ్లు మూసుకుంటాడు. ఎవరో ఒకరు తల నిమురుతూ, "ఏ ఊరు బాబాయ్? పిల్లలెంతమంది?" అని అడుగుతారు. ఆ రెండు ముక్కల కోసమే ఇదంతా. ఓడలో అయితే రోజంతా ఆయనతో మాట్లాడేది బుస్సుమనే ఇస్త్రీపెట్టె ఒక్కటే.

ఓడ పన్నెండు రోజులకోసారి అవే రేవులు చుట్టి వస్తుంది. రేవుకో క్షవరంతో తల అరచెయ్యిలా తయారైంది. ఈసారి ఆయన టోపీ తియ్యగానే మంగలి పకపకా నవ్వాడు.

"మొన్ననేగా చేశాను బాబాయ్! ఇంకా కత్తిరించడానికి ఏముందక్కడ, నా మొహం!"

ఆయన ముఖం చిన్నబోయింది. టోపీ పెట్టుకుని లేవబోయాడు. మంగలి ఒక్క క్షణం ఆయన్నే చూసి, భుజం పట్టి కూర్చోబెట్టాడు. మెడచుట్టూ గుడ్డ కట్టి, కత్తెర గాల్లో టకటకా ఆడిస్తూ, "ఇంతకీ మీ చిన్నమ్మాయికి పన్నునొప్పి తగ్గిందా?" అన్నాడు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. "తగ్గిందట," అన్నాడు.

రేవులో ఓడ కూత వేసింది. ఆయన కళ్లు తెరవలేదు.

"కొంచెం నిదానంగా కత్తిరించు నాయనా."