పొట్లాల్లో పోయిన గాలివాన

ఖుర్షిదా ఏడో తరగతిలో బడి మానేసింది. ఆనాటి నుంచి ఆమె చదువంతా పొట్లాల కాగితాల మీదే. మార్టూరు నుంచి పాత పేపర్లవాడు కట్టలు తెచ్చి పడేస్తాడు. తల్లి రసూల్‌బీ కోస్తుంది. ఖుర్షిదా మడిచి, మైదా జిగురు రాసి అంటిస్తుంది. మధ్యలో ఏ కాగితం మీదైనా కన్ను ఆగితే తల్లి మోచేత్తో పొడుస్తుంది.

ఎనభై ఆరు ఎండాకాలంలో ఒక కట్ట దాదాపు అంతా అంటించేశాక గానీ అందులో ఏముందో ఆమె చూడలేదు. సైక్లోస్టైల్ చేసిన పాత పుస్తకాలు. అట్ట మీద చేతిరాతతో ‘మబ్బుల వెంట’ అని ఉంది. ముప్పై ఏళ్ళ కిందట మిషన్ బడి మాస్టర్లు నలుగురు, గాలివాన ఎటు లేస్తే అటు సైకిళ్ళేసుకుని పోయి, చూసింది చూసినట్టు రాసి పంచుకున్నవి.

ఖుర్షిదా జిగురు గిన్నె పక్కకు జరిపింది. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఉరుముల మబ్బంటే పిచ్చి. మిరప చేల మధ్య ఆ మాట పైకి అనకూడదు. కల్లంలో కాయ ఎండుతుండగా మబ్బును చూసి మురిసిపోతే ఎవరు ఊరుకుంటారు? ఒకసారి ‘ఎంత బాగుందో’ అన్నందుకు రసూల్‌బీ చీపురు తిరగేసింది. తనలాంటి మనిషి ఇంకెక్కడా పుట్టలేదనుకుంది. పుట్టారు. సైకిళ్ళెక్కి పోయారు కూడా.

మిగిలిన కాసిని పేజీల్లో బాపట్ల దగ్గర తుపాను కథ ఒకటి ఉంది. నలుగురూ ఒక పెంకుటింట్లో చిక్కుకున్నారు. మధ్యాహ్నం గాలి ఠక్కున ఆగింది. ఆకు కదలడం లేదు. నడినెత్తిన ఎండ. ‘జక్రయ్య తలుపు తీసి బయటికి అడుగుపెట్టాడు. అప్పుడు’ అన్న దగ్గర పేజీ అయిపోయింది. తరవాతి పేజీ లేదు. పొద్దున బుల్లయ్య కొట్టుకు పోయిన పొట్లాల్లో ఉండి ఉంటుంది.

ఆమె పరుగున వెళ్ళింది.

“పొట్లాలు వెనక్కి కావాలా?” బుల్లయ్య నోరు తెరిచాడు. “రేపు అందులో పోసిన బెల్లం కూడా వెనక్కి అడుగుతావేంటే?”

“ఒక్కసారి చూసి ఇచ్చేస్తానండీ.”

“చూడ్డానికేముంది, ఊరంతా పంచేశా. ఇంటింటికీ పోయి పొయ్యిలు ఊదుకో!”

నిజంగానే నాలుగిళ్ళకు పోయింది. మూడిళ్ళలో పొయ్యిలో వేశారు. నాలుగో ఇంట్లో దొరికిన దాని మీద నూనె ఇంకి ఒక్క అక్షరం కనబడలేదు.

అట్ట లోపల జక్రయ్య, మార్టూరు అని చిరునామా ఉంది. పొట్లాలు ఇచ్చొస్తానని తల్లికి చెప్పి ఆ మంగళవారం వెళ్ళింది. డాబా మీద వాన కొలిచే డబ్బా ఉన్న ఇల్లని వీధిలో చెప్పారు. వాకిట్లో పడక కుర్చీలో కూర్చున్న ముసలాయనకు పేజీలు చాపింది.

“ఏడో సంచిక!” జక్రయ్య మాస్టారు లేచి నిలబడ్డాడు. “ఎక్కడిదమ్మా నీకు? చదివావా? నేను చెప్పబోతే ఇంట్లోవాళ్ళే తప్పుకుపోతారు గదా, నువ్వు చదివావా?”

ఖుర్షిదా తలూపింది. కిందటేడు పడమట లేచిన మబ్బు సంగతి చెప్పింది. పైకి పోయేకొద్దీ వెడల్పై, కమ్మరి ఇనుము సాగగొట్టే దాగలిలా బల్లపరుపుగా పరుచుకుందని చెప్పింది. ఆయన తొడ చరిచాడు. ఏడాది మొత్తంలో మాట్లాడనంత ఆ అరగంటలో మాట్లాడింది.

“ఉండు, పన్నెండు సంచికలూ చూపిస్తా.” ఆయన లోపలికెళ్ళి ట్రంకు పెట్టె తెరిచాడు. దుప్పట్లున్నాయి. “ప్రేమమ్మా, నా పుస్తకాలేవీ?”

“చెదలు పడుతుంటే పాత పేపర్లవాడికి వేశాను,” వంటింట్లోంచి భార్య చెప్పింది. “ముప్పై ఏళ్ళలో ఒక్కరన్నా అడిగారా వాటిని?”

“వాణ్ణి పట్టుకుంటా. ఎక్కడికి తీసుకుపోయాడో కనుక్కుంటా!” ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. ఖుర్షిదా గోళ్ళ సందుల్లో ఎండిన జిగురు చూసుకుంది.

“మా ఇంటికేనండీ. నేనే అంటించాను.”

మాస్టారు ఆమె చేతుల్లోంచి పేజీలు లాక్కున్నాడు.

“తలుపు తీశాక ఏమైందండీ?” అయినా అడిగింది.

“నువ్వు అంటించిన పేజీలో ఉంది! వెళ్ళి చదువుకో!”

గేటు దాటుతుంటే వెనక నుంచి అరిచాడు. “ఈసారి గాలిదుమారం వస్తే మొదటి విసురు ఎటు నుంచి కొట్టిందో చూసిరా. అప్పుడు చెబుతా. ఉత్త చేతులతో రాకు.”

నాలుగో రోజే మబ్బు పట్టింది. ఖుర్షిదా ఆనందం ఎంతసేపని? రసూల్‌బీ కౌలుకు చేసిన అరెకరం కాయంతా కల్లంలోనే ఉంది.

“తల దించవే! పట్ట లాగు!” తల్లి కేక.

మొదటి విసురు కొట్టినప్పుడు ఆమె వంగి టార్పాలిన్ పట్ట అంచు మీద రాళ్ళు పెడుతోంది. తల ఎత్తేసరికి గాలి అన్ని వైపులా గిరికీలు కొడుతోంది. ఎటు నుంచి మొదలైందో అల్లా మియాకే తెలియాలి. కోపంతో చేతిలో రాయి విసిరికొట్టింది.

వాన వెలిశాక కల్లం చూసి రసూల్‌బీ గుండెలు బాదుకుంది. కప్పకముందే మొదటి విసురుకు లేచిన కాయలు పక్క చేనులో పడి ఉన్నాయి. ఏరుతూ ఏరుతూ ఖుర్షిదా ఆగిపోయింది. పడమటి గట్టు మీద ఒక్క కాయ లేదు. అన్నీ తూర్పుకే పోయాయి, ఎర్ర గీత గీసినట్టు. ఓణీ నోటికి అడ్డం పెట్టుకుంది.

“నవ్వుతున్నావా? కాయ పోయి నేనేడుస్తుంటే నవ్వుతున్నావా?” తల్లి తడి కాయలు గుప్పెడు తీసి ఆమె వీపు మీద కొట్టింది.

మంగళవారం మాస్టారు గేటు దగ్గరే ఆపాడు. “ఎటు?”

“పడమర నుంచండీ. కాయలు చెప్పాయి.”

ఆయన చాలాసేపు నవ్వాడు. తరవాత నవ్వు మానేశాడు.

“తలుపు తీసి పది అడుగులు వేశానమ్మా. తుపాను కన్ను అది, ఆ నిశ్శబ్దానికి భయమేసింది. మళ్ళీ లోపలికొచ్చి గడియ పెట్టుకున్నా. అంతే. పేజీలో మాత్రం వేరేగా రాశా.”

“ఏం రాశారండీ?”

“గుర్తులేదు.”

ఖుర్షిదాకు ఆయన్నీ, బుల్లయ్యనూ, తన చేతుల్నీ కలిపి తిట్టాలనిపించింది.